మెట్టయుఁ బల్లమును: వెనుకబాటును లెక్కించు విధము

మన సంఘపు సభ్యులలో మెట్టగ్రామమునందుఁ గూడ భూమిగల రైతొకరు క్రిందటి మాసమున మాకొక యుత్తరము వ్రాసిరి. వారి ప్రశ్న సూటియైనది. ప్రభుత్వమువారు వెనుకఁబడిన జిల్లాలకని ప్రత్యేకముగా ధనమిచ్చినప్పుడు జాబితాలో మన జిల్లా పేరు కానరాకుండుట కేమి కారణమని వారడిగిరి. తమ చేనిలోని బావి యెండి మూఁడేండ్లయినదఁట. గ్రామములోని పడుచువాండ్రు చాలమంది చెన్నపట్టణమునకును బెంగుళూరునకును గూలికిఁ బోయిరఁట. "మేము వెనుకఁబడినవారము గామా?" యని యుత్తరమును ముగించిరి.

రెండుమాటలలో బదులు వ్రాసి పంపుట మాకు సులభమే. కాని యిది యొక్కరి ప్రశ్న గాదు. పల్లపు రైతులకును, సముద్రపు దరినున్న పట్టపుపాలెములవారికిని గూడ నిందుఁ బాలు గలదు. కావున నీ సంచికలోఁ గొంత విస్తరముగా వ్రాయఁదలఁచితిమి.

ముందు లెక్క సంగతి చూతము. పది గ్రామములున్నవనుకొనుఁడు. పల్లమున నున్న యైదింటను ఎకరమునకు 3 పుట్ల వంతున వడ్లు పండినవి. (మనవైపు పుట్టి యనఁగా 850 కిలోగ్రాములని యెఱుఁగుదురు.) మెట్టనున్న యైదింటను సజ్జయో కందియో చల్లఁగా వాన చాలక పావుపుట్టి వడ్లకు సరియగు విలువగల పంట మాత్రమే చేతికి వచ్చినది. పదింటికిఁ గలిపి సగటు తీసినచో ఎకరమునకు ఒకటిన్నర పుట్టికిఁ బైగాఁ దేలును. ఆ ఒకటిన్నర పుట్టి యే చేనిలోను బండలేదు. పల్లమువానికి వచ్చినది యంతకు రెట్టింపు, మెట్టవానికి వచ్చినది యందులో నాఱవవంతు. కాని కాగితముమీఁద నా పది గ్రామములును "మధ్యమస్థితి"లో నున్నట్లు కనఁబడును. ధనము పంచువారు చూచునది యా కాగితమునే.

మన జిల్లా సంగతి సరిగా నిట్టిదే. తూర్పున సముద్రము, పడమట వెలిగొండలు. ఆ కొండలను సోమశిలవద్దఁ జీల్చుకొని పెన్న దిగి వచ్చుచున్నది. కొండలకు నెల్లూరునకు నడుమనున్న నేల యెఱ్ఱనేల, గరపనేల. మనకు ముఖ్యమైన వానలు ఆశ్వయుజ కార్తికములయందు ఈశాన్యపుగాలితో వచ్చును. సముద్రమున వాయుగుండము లేచినప్పుడు తీరపు గ్రామములు తడిసినంతగా ఉదయగిరి దిక్కు తడియదు. ఇది ప్రకృతి చేసిన భేదము. దీనికెవ్వరును బాధ్యులు గారు.

తరువాతి భేదము మనుష్యులు చేసినది. 1855 లో నెల్లూరువద్దఁ బెన్నకు ఆనకట్ట కట్టిరి. 1880 తరువాతి యేండ్లలో సంగమువద్ద రెండవ యానకట్ట యేర్పడెను. ఈ రెంటి కాలువలవలన కోవూరు, అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, సర్వేపల్లి ప్రాంతములు మాగాణులైనవి. మొలగొలుకుల బియ్యమునకు దేశమంతట పేరువచ్చినది యీ నీటివలననే. పెద్దపంట కోసినపిదప నీరున్న యేఁట ఎడగారును బండించుకొనుచున్నాము. శతాబ్దమునకుఁ బైబడిన యా రెండానకట్టల స్థానమున నిప్పుడు బ్యారేజీలు లేచినవి. అవి 2022 సెప్టెంబరులోఁ బ్రారంభింపఁబడెను. నెల్లూరు బ్యారేజివలన 99,525 ఎకరములు స్థిరపడునని యప్పుడు ప్రకటించిరి.

ఇచ్చట నొక వింతను జెప్పవలెను. సంగము కాలువ వచ్చి చేరునట్టి బుచ్చిరెడ్డిపాలెపు దరి జలాశయమునకుఁ గనిగిరి జలాశయమని పేరు. ఆ పేరే గల కనిగిరి పట్టణము దానికి ఉత్తరముగా ఎంతో దూరమున మెట్టలో నున్నది. ఆ ప్రాంతమున బావినీటిలో ఫ్లోరైడు మిక్కుటముగా నుండుటచే జనుల పండ్లును నెముకలును జెడుచుండుట లోకవిదితము. కనిగిరి యను పేరు వినఁగానే పల్లపువానికి నిండుచెఱువు తోఁచును, మెట్టవానికి ఉప్పునీటి బావి తోఁచును. వారిరువురును ఒకప్పు డొకే జిల్లావారు.

దారుల సంగతియు నట్లే. బకింగుహాము కాలువమీఁద పడవలు నడచు కాలమున వడ్లును ఉప్పును గట్టెలును చెన్నపట్టణమునకుఁ బోయినవి తీరమునుండియే. 1899 లో బెజవాడనుండి చెన్నపట్టణమునకు రైలుమార్గము కలిసినప్పుడు ఆ పట్టాలును కావలి, నెల్లూరు, గూడూరు మీఁదుగాఁ దీరమును బట్టియే సాగెను. కనిగిరి, పామూరు, వింజమూరు, ఆత్మకూరు, రాపూరు దిక్కులకు రైలు రావలెనని నడికుడి-శ్రీకాళహస్తి మార్గమును మంజూరు చేసినది 2011-12 లో. పని ముక్కలుముక్కలుగా సాగుచున్నది. రెంటికి నడుమ నూటపన్నెండేండ్లు గడచినవి. ఆ నూటపన్నెండేండ్లలోఁ బల్లమున బియ్యపుమిల్లులు, పాఠశాలలు, ఆసుపత్రులు, బ్యాంకులు వరుసగా రైలుదారి వెంటనే పుట్టినవి.

వెనుకబాటు ఊరకుండునది గాదు, పెరుఁగుచుండునది. మిర్డాలను స్వీడనుదేశపు టార్థికశాస్త్రజ్ఞుఁడు 1957 లోఁ బ్రకటించిన గ్రంథమున నీ విషయమునే వివరించెను. కలిమిగల చోటికి మూలధనమును, చదువుకొన్నవారును, వ్యాపారమును దమంతట వచ్చి చేరును, లేని చోటినుండి యివి తమంతట వెడలిపోవును, ఊరక విడిచినచో నీ యంతరము తగ్గక పెరుఁగునని యతని మతము. శాస్త్రజ్ఞుఁడు చెప్పకపోయినను మన సంఘపు పెట్టెలోనే దీనిని జూడవచ్చును. పంటఋణమును మనము ఎకరమునకింత యని పంటనుబట్టి యిచ్చుచున్నాము. వరికి నిర్ణయించు మొత్తము సజ్జకు నిర్ణయించు మొత్తముకంటె నెక్కువ. పంటకుఁ బెట్టుబడి యెక్కువ గనుక నిది న్యాయమే. అయినను ఫలితమేమి? నీరున్నవానికి ఋణ మెక్కువ దొరకును, నీరు లేనివానికిఁ దక్కువ దొరకును. తక్కువ ఋణము దొరకినవాఁడు మిగిలినది బయట వడ్డీవ్యాపారివద్ద నెక్కువ వడ్డీకిఁ దెచ్చుకొనును. చెన్నపట్టణమున గూలిచేసి మెట్టగ్రామపు పిల్లవాఁ డింటికిఁ బంపు సొమ్ము బ్యాంకిలోఁ జేరి, యా బ్యాంకి బాకీ వసూలు సులభమైన పల్లమునకుఁ దిరుగ ఋణముగా వచ్చుచుండుట యసంభవమా? ఇందెవ్వరి దురుద్దేశమును లేదు. లెక్క తనదారిని తాను నడచుచున్నది.

ఇఁక జాబితాల చరిత్ర. సభ్యులలోఁ బెక్కుమంది మఱచిన సంగతి యొకటి గలదు. 1937 నవంబరు 16వ తేదీని చెన్నపట్టణమున కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి గృహమైన శ్రీబాగులోఁ గోస్తావారికిని రాయలసీమవారికిని గుదిరిన యొడంబడికయందు నీటినిగూర్చిన యంశమొకటి యున్నది. రాయలసీమను, దానితోపాటు నెల్లూరుజిల్లాను, తక్కిన కోస్తాజిల్లాల స్థాయికిఁ దెచ్చుటకై కృష్ణ, తుంగభద్ర, పెన్న నదుల నీటి యుపయోగమునందు వీనికిఁ బది సంవత్సరములు, అవసరమైనచో నంతకంటె నెక్కువకాలము, ప్రాధాన్యమీయవలెనని యందు నిశ్చయించిరి. నెల్లూరు తీరమున నుండియుఁ బైకి రాని జిల్లా యని యప్పటి పెద్దలు గుర్తించినారు. రాయలసీమ పేరు ప్రక్కనే మన పేరును వ్రాసినారు.

పిమ్మట నా పేరు మెల్లఁగాఁ జెఱిగిపోయెను. 2006-07 లో భారత ప్రభుత్వమువారు వెనుకఁబడిన ప్రాంతముల నిధి నేర్పఱచి దేశమందు 250 జిల్లాల నెన్నుకొన్నప్పుడు నాఁటి మన రాష్ట్రమునుండి 13 జిల్లాలు చేరెను. నెల్లూరు చేరలేదు, ప్రకాశమును చేరలేదు. 2014 విభజన చట్టమునందు రాయలసీమకును ఉత్తరకోస్తాకును ప్రత్యేక సహాయమని వ్రాసిరి. దానినిబట్టి జిల్లాకు ఏఁటికి 50 కోట్లవంతున 7 జిల్లాలకు నిచ్చిరి. అనంతపురము, కర్నూలు, కడప, చిత్తూరు ఒకవంక, శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము మఱియొకవంక. 1937 లో రాయలసీమ సరసనుండిన నెల్లూరు 2014 నాఁటికి గోస్తా యనుమాటలోఁ గలిసిపోయెను. ఆ యేడు జిల్లాలకు నిచ్చినది తగదని మేమనము. వారి కఱవు మనకుఁ దెలియనిది గాదు. ఉదయగిరి దిక్కున వెలిగొండకు ఈవలనున్న రైతు స్థితియు ఆవల కడపజిల్లా రైతు స్థితియు ఒకటే యైయుండఁగా, కొండకు ఆవలివాఁడు వెనుకఁబడినవాఁడును ఈవలివాఁడు ముందువాఁడును నెట్లాయెనని మాత్రమే యడుగుచున్నాము.

హద్దులు మార్చుటయు లెక్కను మార్చును. 1970 ఫిబ్రవరిలో ఒంగోలుజిల్లా, అనఁగాఁ దరువాతి ప్రకాశముజిల్లా, యేర్పడినప్పుడు కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు మననుండి విడివడెను. వానిలో నెక్కువభాగము మెట్ట. వానిని దీసివేయఁగా మిగిలిన నెల్లూరుజిల్లా సగటు, ఒక్క బావియైన లోఁతు చేయకయే, పైకి లేచెను. జిల్లా భాగ్యవంతమైనదని పేరువచ్చెను. పోయిన తాలూకాలలోఁ గాని మిగిలిన యుదయగిరిలోఁ గాని యొక్క గింజయు నెక్కువ పండలేదు.

ఈ చిక్కు మనకొక్కరికే గాదు. ఐరోపాఖండమువారు దీనితో డెబ్బదియేండ్లుగాఁ బెనఁగులాడుచున్నారు. వారి యనుభవమును దెలిసికొనుటలో మనకు సిగ్గుపడవలసినది లేదు. మన సహకారసంఘమే యచ్చటి పేదప్రాంతమునుండి వచ్చిన విత్తనము. 1846-47 కఱవునాఁడు జర్మనీలో రైనునదీప్రాంతపు వెస్టర్‌వాల్డను కొండపల్లెలలో రైఫైసెను అనునతఁడు పేదలకు రొట్టెకై యేర్పఱచిన సంఘమునుండి పల్లెబ్యాంకులు పుట్టెను. వానిని బరిశీలించి సర్ ఫ్రెడరిక్ నికల్సన్ చెన్నపురి ప్రభుత్వమునకు 1895, 1897 సంవత్సరములలో నివేదికల నిచ్చెను. 1904 లో సహకార చట్టము వచ్చెను. కనుక నా ఖండమున మెట్టసీమలను గూర్చి యేమి చేసిరో చూచుట మనకుఁ దగినదే.

1957 లో రోమునగరమున నాఱు దేశములు కలిసి యొడంబడిక చేసికొన్నప్పుడే ప్రాంతముల నడుమ నంతరములను దగ్గింతుమని పీఠికలో వ్రాసికొనిరి. అయితే పదునెనిమిదేండ్లవఱకు దానికని ప్రత్యేకనిధి లేదు. 1975 లో ప్రాంతీయాభివృద్ధి నిధి యేర్పడెను. అప్పటి పద్ధతియు మన పద్ధతివంటిదే. ప్రతి దేశమునకు నింతయని కోటా యుండెను, ఆ దేశపు మంత్రులు తమకుఁ దోఁచిన పనికిఁ బెట్టుకొనిరి. 1988 లో దానిని దిద్దిరి.

దిద్దుబాటునందలి ముఖ్యమైన యంశము కొలత. దేశమును విడిచి ప్రాంతమును గొలఁత గావించిరి. ఒక్కొక్క ప్రాంతము సాధారణముగా 8 లక్షలు మొదలు 30 లక్షల జనసంఖ్య గలది. ఇప్పుడట్టివి 240 కిఁ బైగా నున్నవి. తలసరి యుత్పత్తి ఐరోపా సమాజపు సగటులో నూటికి 75 వంతులకుఁ దగ్గిన ప్రాంతము వెనుకఁబడినదని గీటు గీసిరి. ఆ గీటుకు దిగువనున్న ప్రాంతమునకు, ఏ పక్షమువారు గెలిచినను, ఏ మంత్రి యుండినను, నిధి యందవలసినదే. ఏడేండ్ల కొకమాఱు ముందుగనే మొత్తము నిర్ణయింతురు. 2021-27 కాలమునకు సుమారు 39,200 కోట్ల యూరోలు కేటాయించిరి. ఇది వారి మొత్తపు టాయవ్యయపట్టికలో మూఁడవవంతు. వెనుకఁబడిన ప్రాంతమున ఒక పనికయ్యెడు వ్యయములో నూటికి 85 వంతులవఱకు నిధినుండి వచ్చును, మిగిలినది ఆ దేశమువారు భరింపవలెను. ఇంకొక నియమమును మేము మెచ్చుకొనుచున్నాము. ఈ ధనము వచ్చినదని దేశప్రభుత్వము తాను ముందిచ్చుచుండిన దానిని దగ్గింపరాదని పూర్వము నియమించియుండిరి. మనవైపు ఒకచేతితో నిచ్చి మఱొకచేతితోఁ దీసికొనుట యెట్లుండునో సభ్యులకు మేము వివరింపనక్కఱలేదు.

సగటులో మునుఁగుట యచ్చటను జరిగినది. పోలండుదేశపు రాజధాని వార్సా నగరము మజోవియా యను పెద్ద ప్రాంతములోఁ జేరియుండెను. నగరమునఁ గలిమి పెరుఁగఁగాఁ బ్రాంతపు సగటు గీటును దాఁటెను. నగరమునకుఁ జుట్టునున్న పల్లెలు మాత్రము పూర్వమువలెనే పేదవిగా నుండెను. తమ యూరిలో నేమియు మాఱకయే తాము భాగ్యవంతులమైతిమని యా పల్లెలవారికిఁ గాగితముమీఁదఁ దెలిసెను. వారేమి చేసిరనఁగా, పరిపాలనలో హద్దులను మార్పక, లెక్కకొఱకు మాత్రము నగరమును వేఱు ప్రాంతముగాను, మిగిలిన దానిని వేఱు ప్రాంతముగాను విడఁగొట్టిరి. ఇది 2018 నుండి యమలులోనికి వచ్చెను. 2021-27 నిధిలో వార్సా ముందఱి ప్రాంతముగాను, చుట్టునున్న పల్లెసీమ వెనుకఁబడిన ప్రాంతముగాను లెక్కకు వచ్చినవి. హంగెరీదేశమున బుడాపెస్తు నగరమును దాని చుట్టునున్న ప్రాంతమునుండి యిట్లే వేఱుచేసిరి. ఉత్తరము వ్రాసిన రైతుగారికి మేమీయఁగల బదులులో ముఖ్యభాగ మిదియే. జిల్లాలను ముక్కలు చేయనక్కఱలేదు, కచ్చేరీలు మార్చనక్కఱలేదు. లెక్కను మాత్రము మెట్టకు వేఱుగాఁ దీయవలెను.

అట్లని ఐరోపావారి పనియంతయు బంగారమని యెవ్వరును భ్రమపడవలదు. ఇటలీదేశపు దక్షిణభాగము మన మెట్టవలెనే నీరు తక్కువగల పేదసీమ. 1950 లో దానికని ప్రత్యేక నిధిసంస్థ నేర్పఱచిరి. మొదట కాలువలు, త్రోవలు, మంచినీటి గొట్టములు వేసిరి. అవి ప్రజలకు మేలుచేసెను. తరువాతఁ బెద్ద కర్మాగారములమీఁద మోజు పుట్టెను. తరంతో రేవున 1965 లో బ్రహ్మాండమైన యుక్కుకర్మాగారము వెలసెను. దానికిఁ గావలసిన ముడిసరకు ఓడలమీఁద వచ్చును, తయారైన యుక్కు ఓడలమీఁదను రైళ్లమీఁదను బోవును. చుట్టునున్న పల్లెలలో దాని కనుబంధముగా చిన్నపరిశ్రమలు తలంచినంతగాఁ బుట్టలేదు. ఇట్టివానిని ఇటలీవారే యెడారిలోఁ గట్టిన గుడులని వెక్కిరించిరి. 1984 లో నా సంస్థను మూసివేసిరి. నేఁటికిని దక్షిణ ఇటలీయందలి తలసరి యుత్పత్తి ఉత్తర మధ్యభాగములదానిలో నూటికి 60 వంతులకు లోపలనే యున్నది. వెనుకఁబడిన చోటఁ బెద్దపని వెలసినంతమాత్రమున నచ్చటి వెనుకఁబడిన జనులు ముందుకు రారు.

ఈ మాట వ్రాయఁగానే మన తీరమే మాకు జ్ఞప్తికి వచ్చుచున్నది. శ్రీహరికోట ద్వీపమును 1969 లో నెన్నుకొని, 1971 లో మొదటి రాకెట్టును విడిచిరి. దేశమున కంతటికిని గీర్తి వచ్చెను, మేమును సంతసించితిమి. ఆ యడవిలో తేనె, దుంపలు, కట్టెలు చేర్చుకొని బ్రదుకుచుండిన యానాదులను మాత్రము తమ తావులనుండి తరలించిరి. కృష్ణపట్టణపు రేవు 2008 లోఁ బనిచేయ నారంభించెను. దాని దాపున బొగ్గుతో విద్యుత్తును బుట్టించు కేంద్రములును లేచినవి. వీని యుత్పత్తి యంతయు జిల్లాలెక్కలోఁ జేరును. దిగిన బొగ్గు, ఎక్కిన సరకు, పుట్టిన విద్యుత్తు అన్నియు మన సగటును పైకి లేపును. దానివలనఁ గలుగు లాభము యజమానులున్న చోటికిఁ బోవును. ముత్తుకూరు దిక్కున భూమి నిచ్చిన కుటుంబమువానికి గేటువద్దఁ గాపలాపని దొరకినచో నదియే యదృష్టమనుకొనుచున్నాఁడు.

ఐర్లండుదేశమువారికి నీ యనుభవమే పెద్దయెత్తునఁ గలిగెను. పరదేశపు టంతర్జాతీయ కంపెనీలు తమ లెక్కపుస్తకములను అచ్చటికి మార్చుకొనుటవలన 2015 లో నొక్కయేఁటిలో దేశపు టుత్పత్తి నూటికి 26 వంతులు పెరిఁగినదని మొదటి ప్రకటన వెలువడెను. ఏ రైతునకును ఏ కూలివానికిని నిందు సంబంధము లేదు. అందుచే 2017 నుండి వారు అట్టి లాభములను దీసివేసి, దేశములో నిలిచిన యాదాయమును మాత్రమే చూపు వేఱొక లెక్కను బ్రకటించుచున్నారు. రేవును, విద్యుత్కేంద్రములను దీసి చూచినచో మన తీరపు లెక్క యెంతకుఁ దేలునో చూడవలెనని మా కోరిక.

తీరమున సంపద యున్నదనుకొనుటలోనే మఱొక పొరపాటు గలదు. 1990 తరువాత రొయ్యలగుంటలు వెల్లువగా వచ్చినవి. రెండు మూఁడేండ్లు డబ్బు చూచిరి. 1994 ప్రాంతమునఁ దెగులు సోఁకి గుంటలు ఖాళీయైనవి. ప్రక్కచేలలో నుప్పూరినది, త్రాగునీటి బావులు చెడినవి. 1996 డిసెంబరు 11వ తేదీని సర్వోన్నత న్యాయస్థానమువారు తీరపు హద్దులోని రొయ్యలసాగును నిరోధించుచుఁ దీర్పు చెప్పిరి. 2005 లో దీనికని వేఱుగాఁ జట్టము చేసిరి. 2009 నుండి వెన్నామీ రకము వచ్చి గుంటలు మరల నిండినవి. మంచియేఁట లాభించినవాఁడు చాలవఱకు లీజుకు వచ్చిన పెట్టుబడిదారుఁడు, చెడ్డయేఁట మిగిలిన యుప్పునేల మాత్రము గ్రామపువానిది. కాలువ చివరి యాయకట్టు రైతు స్థితియు నిట్టిదే. పటమున నతఁడు డెల్టారైతు. ఫాల్గునములో నతని మడికి నీరు రాదు. కాలువ తలవద్దివాఁడు మోకాలిలోఁతు నీరు పెట్టి కూర్చుండును. జిల్లాసగటున మెట్ట మునిఁగినట్లే, డెల్టాసగటున కాలువచివర మునిఁగిపోవుచున్నది.

నీటి విషయమున మెట్టకుఁ జేసినదేమియు లేదనుట న్యాయము గాదు. 1975 లో మొదలైన సోమశిల ప్రాజెక్టు 78 టి.యం.సి. ల నీటిని నిలుపఁగలదు. దాని ముంపు చాలవఱకుఁ గడపజిల్లా గ్రామములది, దాని లాభము చాలవఱకు మన పల్లపు టాయకట్టుది. దీనిని మనము మఱవరాదు. 1983 నాఁటి యొడంబడికనుబట్టి తెలుఁగుగంగ కాలువ త్రవ్విరి. రాపూరు ప్రాంతపుఁ గండలేరు జలాశయమునుండి మెట్టగుండఁ బోయి 1996 లో కృష్ణనీరు చెన్నపట్టణపు పూండి చెఱువునకుఁ జేరెను. దారిలోని కొన్ని చెఱువులు నిండినవి, కొన్ని గట్లు కాలువను జూచుచు నెండియున్నవి. సోమశిలనుండి యెత్తుకాలువ ద్వారా ఆత్మకూరు, ఉదయగిరి మెట్టలకు నీరెక్కించు పని తరువాతఁ దలపెట్టఁబడినది. నల్లమలక్రింద సొరంగములు త్రవ్వి కృష్ణనీటిని ప్రకాశము, నెల్లూరు, కడప మెట్టలకుఁ దేఁదలఁచిన వెలిగొండ ప్రాజెక్టునకు 1996 లో శంకుస్థాపన జరిగెను. ఆ నాఁడు పుట్టిన బిడ్డలు నేఁడు కూలికిఁ బోవు వయస్సువారు.

రాష్ట్రముల నడుమ ధనము పంచునప్పుడు లెక్క యొకటి యున్నది. 2021-26 కాలమునకు 15వ ఆర్థికసంఘమువారు రాష్ట్రముల వాటాల నిర్ణయించుచు, తలసరి యాదాయములోని యంతరమునకు నూటికి 45 వంతుల ప్రాముఖ్యమిచ్చిరి. పేదరాష్ట్రము తనకింత రావలెనని లెక్కచూపి యడుగఁగలదు. రాష్ట్రములోపలఁ బేదమండలమున కట్టి గీటు లేదు. ఎవరి గొంతు పెద్దదో వారి కాలువ ముందు పూర్తియగును. మెట్టలో జనము తక్కువ, వలసపోఁగా మిగిలినవారి గొంతు మఱియుఁ దక్కువ.

పెద్ద లెక్కలు మన చేతిలో లేవు. మన సంఘపు చిట్టా మన చేతిలోనే యున్నది. కావున నీ సంవత్సరము పంటఋణముల పట్టీని ఎప్పటివలె గ్రామములవారీగాఁ గాక మూఁడు వరుసలుగా వ్రాయ నిశ్చయించితిమి. కాలువ తలభాగపు భూములకు నిచ్చినదెంత, కాలువచివర భూములకు నిచ్చినదెంత, మెట్టభూములకు నిచ్చినదెంత, ఒక్కొక్కదానిలో సభ్యు లెందఱు, ఎకరము లెన్ని, బాకీ తీరినదెంత యని యందుఁ జూపుదుము. కౌలుదారులను వేఱుగాఁ గనఁబఱతుము. దీనివలనఁ గొందఱికిఁ గొంత యసౌకర్యము తోఁపవచ్చును. తలభాగమువారిలో నొకరిద్దఱు మాతో నిదివఱకే యాక్షేపించిరి. పట్టీ వెలువడిన తరువాత మాటాడుదమని వారికిఁ జెప్పితిమి.

పట్టీని రాఁబోవు సర్వసభ్యసమావేశమునకుఁ బదునైదు దినములముందు సంఘపు కచ్చేరిగోడపై నంటింతుము. సభ్యులు తమ పాసుపుస్తకములను దెచ్చి తమ భూమి యే వరుసలోఁ జేరవలెనో గుమాస్తాకుఁ జెప్పి వ్రాయించుకొనవలెను. ఏ నెలలోఁ దమ మడికి నీరు నిలిచిపోయినదియు, బావి యేయేఁట నెండినదియుఁ గూడఁ జెప్పినచో నదియు నెక్కింతుము. ఉత్తరము వ్రాసిన రైతుగారు తమ మెట్టభూమి సర్వేనెంబరును వ్రాయ మఱచిరి. దానిని బంపినచో వారి బావినే మొదటి యెండినబావిగా నెక్కింతుము.